ఓబులేసు చేతి కొలత

నేను ఒక రివాల్వర్‌ని. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు నాలాంటివి వందలు. ఇప్పుడు నాలాంటిది ఇంకొకటి లేదు. ఆ సంగతే ఒక మనిషిని జైలుకు పంపింది.

నా మొదటి యజమాని ఒక అటవీ రేంజరు. ఇరవై ఏళ్లు నడుముకు కట్టుకు తిరిగి ఒక్కసారే పేల్చాడు, అదీ ఆకాశంలోకి. ఆయన పోయాక భార్య నన్ను కర్నూలులో హుసేన్‌సా తుపాకుల కొట్టుకు అప్పగించింది.

అక్కడికి వచ్చాడు బేతంచెర్ల ఓబులేసు. నాపరాళ్ల గని యజమాని. రాయి కోసే మిషను అతని కుడిచేతి చివరి రెండు వేళ్లు ఎప్పుడో మింగేసింది. గనిలో వాటా దగ్గర తమ్ముడు మద్దిలేటితో చెడింది. మూడేళ్లుగా మాటల్లేవు. తమ్ముడు తనను చంపిస్తాడన్న భయం అతన్ని లోపల తొలిచేస్తోంది.

హుసేన్‌సా కొత్తది చూపించాడు.

"కొత్తదాన్ని కోయాలంటే నీకు మనసొప్పదు. ఆ పాతది తీయి. నా చేతికి తగినట్ల చెక్కు" అన్నాడు ఓబులేసు.

హుసేన్‌సా అతని చేతిలో మైనం ముద్ద పెట్టి పిడికిలి అచ్చు తీసుకున్నాడు. ఆ అచ్చును బట్టి టేకు పిడి చెక్కాడు. మూడు వేళ్లకే చోటు. తర్వాత ట్రిగ్గర్ మెత్తన చేశాడు. ఓబులేసుకు అదీ చాల్లేదు.

"సామీ, ఇంకా మెత్తగా చేస్తే ఈగ వాలినా పేల్తాది."

"వాలనీ. నీదేం పోతాది?"

మూడు వేళ్లతో నా గుర్రం, అంటే తూటాను కొట్టే సుత్తి, వెనక్కి ఎత్తడం ఆలస్యమవుతుందని, దాన్ని ఎప్పుడూ ఎత్తే ఉంచేవాడు. భయపడేవాడు ఇంట్లో పెట్టుకునే వస్తువును చూసి ఇంట్లోవాళ్లు భయపడాలని అతనికి తోచలేదు.

ఆయుధపూజ వచ్చింది. గునపాలు, సమ్మెటలు కడిగి, బొట్లు పెట్టి వసారాలో పేర్చారు. ఓబులేసు నన్నూ వాటి మధ్య పెట్టాడు. తూటాలు తీయలేదు, గుర్రం దించలేదు. గుమ్మడికాయ కొట్టడానికి వాకిట్లోకి వెళ్లాడు. అతని భార్య సుంకులమ్మ నాకు చేమంతి దండ వేసి, జారిపోకుండా దారం కొసను ట్రిగ్గర్‌కు మెల్లగా ఒక చుట్టు చుట్టింది. ఆమె రహస్యంగా కబురు పెట్టిన మనిషి అప్పుడే గడప దగ్గరికి వచ్చాడు. మద్దిలేటి.

ఓబులేసు కొయ్యబారిపోయాడు.

"ఏందన్నా, అట్ల చూస్తాండావు? టెంకాయ తెచ్చినా గానీ కొడవలి తేలేదులే."

మూడేళ్ల తర్వాత ఓబులేసు నవ్వాడు. "రాప్పా. దండం పెట్టుకో."

మద్దిలేటి మా ముందు వంగాడు. మరిదికి పూజ పువ్వు ఇద్దామని సుంకులమ్మ నా దండలోంచి ఒక చేమంతి లాగింది. పువ్వు తెగలేదు. దారం బిగిసింది.

నేను పేలాను.

నన్ను పట్టుకెళ్లిన కానిస్టేబుల్ దైవభక్తుడు. బొట్టు మీద సీలు వేయడం పాపమని శుభ్రంగా తుడిచాడు. పూలూ దారమూ ఎవరూ తొక్కకూడదని తీసుకెళ్లి బావిలో వేశాడు.

"దారం లాగింది నేనే సామీ" అని సుంకులమ్మ కోర్టులో గుండెలు బాదుకుంది. మొగుణ్ణి కాపాడుకుంటోంది అన్నారు. మెత్తన చేయమన్నది ఎవరని హుసేన్‌సాను అడిగితే ఉన్నదే చెప్పాడు. ఆఖరున సర్కారు వకీలు నన్ను పట్టుకోబోయాడు. అతని వేళ్లు ఇమడలేదు. ఓబులేసు చేతిలో పెట్టించాడు. ఎంత చక్కగా అమరానో అందరూ చూశారు. యావజ్జీవం పడింది.

ఇప్పుడు గుడ్డసంచిలో, లక్క ముద్ర కింద ఉన్నాను. తుడిచినవాడి కంటికి ఆనలేదు గానీ, నా గుర్రం సందులో ఒక చేమంతి రేక ఎండి అతుక్కుని ఉంది.