లేసు తన వైపే

జియు లోయ బొగ్గు గని ఫుట్‌బాల్ జట్టుకు సెవెర్ లుప్ష ఎన్నో ఏళ్లుగా ముందు వరుస ఆటగాడు. సైన్యంలో ఆడిన కాలం తీసేస్తే అతని ఆటంతా ఆ బురద మైదానంలోనే గడిచింది. కుర్రతనంలో అతను గాల్లోకి లేస్తే ఎదుటి గోల్‌కీపర్ దేవుణ్ణి తలుచుకునేవాడు, అదీ కమ్యూనిస్టు పాలనలో, దేవుడి పేరు పైకి అనడానికి జనం జంకే రోజుల్లో. ఇప్పుడా మాట చెబితే లోయలో కొత్తవాళ్లు నవ్వుతున్నారు.

నవ్వరా మరి? పోయిన ఏడు వానకు నానిన తోలు బంతి, దాని మూతి బిగించే లేసు వైపుగా వచ్చి తగిలి సెవెర్ కనుబొమను చీరేసింది. గాయం మానింది కానీ భయం మానలేదు. ఎత్తు బంతి వస్తే చాలు, కళ్లు వాటంతటవే మూసుకుపోతున్నాయి. బంతి చెవికో భుజానికో తగిలి ఎటో పోతోంది. షిఫ్టు దిగి మసి మొహాలతోనే ఆటకొచ్చే కార్మికులకు మొహమాటం తక్కువ. పొద్దుతిరుగుడు గింజలు ఉమ్ముతూ, ఆట అయిపోయాక లేపుతాం, హాయిగా పడుకోమని సెవెర్‌కు చెబుతుండేవారు.

ఆ వారం మొదట్లో శిక్షకుడు నికొదిమ్ పిలిచి ఉన్నమాట చెప్పేశాడు. ఆదివారం గెలవకపోతే జట్టు కింది తరగతికి దిగిపోతుంది. సెవెర్ మళ్లీ కళ్లు మూస్తే అదే అతని ఆఖరి ఆట. ఆటగాడని, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే దీపాల గదిలో ఇచ్చిన నేలమీది పని కూడా పోతుంది, సోమవారం గని దిగాలి. గనికి సెవెర్ భయపడలేదు, తండ్రీ తాతా అందులో బతికినవాళ్లే. ఆట పోతుందన్న మాటకే భయపడ్డాడు.

ఆ సాయంత్రం సాధనలో అతను ఒకటి కనిపెట్టాడు. కార్నర్ కొట్టేవాడు, బంతిని తలతో అందుకునేవాడికి తగలకుండా లేసును అవతలికి తిప్పిపెట్టడం ఆ రోజుల్లో మర్యాద. సెవెర్ బావమరిది గెర్గొ ఆ మర్యాదను మరీ నెత్తికెత్తుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, బురద తుడిచి, లేసు వెతికి, అటు తిప్పి, ఇటు సవరించి అప్పుడు కొడుతున్నాడు.

"పసిపిల్లను పడుకోబెట్టినట్టు ఆ సవరింపులేంట్రా? ఈలోగా వాళ్ల జట్టంతా వచ్చి నా నెత్తిన కూర్చుంటోంది."

"మళ్లీ తల పగిలితే అక్క నన్ను చంపుతుంది బావా."

"అక్క సంగతి నేను చూసుకుంటా. లేసు నా వైపే ఉన్నా సరే, నువ్వు సవరించకుండా కొట్టు."

గని స్నానాల గది వెనక, తొట్టిలో నానబెట్టిన బంతితో మొదలుపెట్టారు. తొలిరోజు సెవెర్ కళ్లు మూసుకుంటూనే ఉన్నాడు. తనను తానే తిట్టుకుని మళ్లీ నిలబడ్డాడు. తర్వాత బంతి కనిపించింది. శనివారానికి, తిరుగుతూ వచ్చే లేసు కూడా కనిపించింది. అతని భార్య పిరొష్క వాచిన నుదుటి మీద వెనిగర్ గుడ్డ వేసి, కావాలనే గట్టిగా బిగించి కట్టింది. తిట్టినా బాగుండుననిపించింది సెవెర్‌కు.

ఆదివారం వాన. ఆట ముగిసే వేళకు రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అప్పుడు కార్నర్ దొరికింది. గెర్గొ పరుగున వెళ్లి, వారమంతా చెప్పించుకున్నది మరిచి, అలవాటుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు.

గోల్ ముందు నుంచి సెవెర్ గొంతు చించుకున్నాడు. "ఉన్నదున్నట్టు కొట్టరా!"

గెర్గొ ఉలిక్కిపడి లేచి కొట్టేశాడు. ఎదుటివాళ్లు ఎవరు ఎవరిని కాయాలో ఇంకా తేల్చుకోనేలేదు. సెవెర్ లేచాడు. లేసు నేరుగా తన మొహం మీదికే వస్తోంది. భయం వేసింది, బాగా వేసింది. అయినా పళ్లు బిగించి, దాన్నే చూస్తూ నుదురు విసిరాడు. వల ఊగింది.

పాత గాయం మళ్లీ తెరుచుకుంది. విజిల్ పడగానే పిరొష్క జనాన్ని తోసుకుంటూ వచ్చి, తలగుడ్డ విప్పి అతని కనుబొమకు అదిమింది. నికొదిమ్ పక్కనే నిలబడి, సోమవారం దీపాల గదికి ఆలస్యంగా వచ్చినా ఫర్వాలేదని గొణిగాడు.

"మళ్లీ కళ్లు మూశావు కదూ?" అంది పిరొష్క.

"మూశాను. బంతి గోల్లో పడ్డాక. రక్తం కంట్లోకి దిగింది మరి."