కాలువ వైపు వదిలిన దారి

చెరుకు మేస్త్రీ రాజలింగు నా మేకపోతును తన ముఠాతో కలిసి తిని, చేతి తడి ఆరకముందే మాట తప్పాడు. ఈ సంగతి మా ఊళ్లో పదిమందికీ తెలుసు. తెలిసి కూడా ఈనాటికీ వాడికే ముందు కుర్చీ వేస్తారు. నా మాట ఎవరూ చివరిదాకా వినలేదు కాబట్టి రాస్తున్నాను.

నేను చదివింది నాలుగో జమాతు. మా బాపు షికారుకొచ్చే దొరల ముందు డప్పు కొట్టి జంతువులను లేపేవాడు. నేనూ అదే పని నేర్చుకున్నాను. తర్వాత సర్కారు చట్టం తెచ్చి షికారు ఆపింది. నాకు వచ్చిన విద్య జంతువుల జాడ ఒక్కటే. రాలిన ఈకలు, పాము కుబుసం, ఊడిపడిన దుప్పి కొమ్ము, మట్టిలో అచ్చుతీసిన అడుగులు ఒక రేకు పెట్టెలో సర్దుకుని సైకిలు మీద బడి బడికీ తిరిగేవాణ్ని. ఇటు బోధన్, అటు వేల్పూర్. జీతం లేదు, ఏ రిజిస్టరులోనూ నా పేరు లేదు. హెడ్మాస్టరుకు దయ కలిగితే శనివారం ఆఖరి పీరియడు ఇచ్చేవాడు. పిల్లలు తలా ఐదు పైసలు తెచ్చేవారు, లేకపోతే దోసెడు జొన్నలు. జంతువును ఎందుకు చంపకూడదో చెప్పేవాణ్ని. పిల్లలు నన్ను పిల్లి సారు అనేవారు. రాజలింగు కూడా అదే పేరు పెట్టి పిలిచేవాడు, కాని వాడి నోట్లో అది వెక్కిరింత.

మా వైపు చెరుకు కొట్టడానికి ఒక పద్ధతి ఉంది. నాలుగు వైపుల నుంచీ కొట్టుకుంటూ లోపలికి వస్తారు. తోటలో దాగిన కుందేళ్లు, నక్కలు, అడవిపిల్లులు నడుమ మిగిలిన తునకలోకి చేరతాయి. చివరికి ముఠా అంతా చుట్టూ నిలబడి కట్టెలతో, వలలతో పడుతుంది. ఆ మాంసం ముఠాది. తోట యజమాని కూడా అందులో వాటా అడగడు.

ఆ ఏడు కాలువ కింద నాకున్న కొద్దిపాటి భూమిలో వేసిన చెరుకులో అడవిపిల్లి ఈనింది. బడుల్లో నేను చెప్పేది ఒకటి, నా తోటలో జరిగేది ఇంకొకటి అయితే ఏం బాగుంటుంది? రాజలింగు దగ్గరికి పోయాను.

"కాలువ దిక్కు ఇడిసిపెట్టు రాజలింగూ. అటు ఎవ్వలు నిలవద్దు. ఉన్నయన్ని కట్ట పట్టుకొని పోతయి. బడిపిల్లలు సూస్తరు."

"ఏందన్నా, పిల్లిని సూడనీకి బడి మొత్తం దిగుతదా? మా ఇండ్లల్ల లేవా పిల్లులు?"

"మీ ఇంట్ల పిల్లి పాలు తాగుతది. గిది ఎలుకలను తిని చెరుకును కాపాడుతది."

"మరి మావోళ్ల కూర సంగతేంది? పిల్లి సారు పాఠం చెప్తే కడుపు నిండుతదా?"

అందుకే మేకపోతును ఇచ్చాను. కాలువ దిక్కు వదులుతానని రాజలింగు మాట ఇచ్చాడు. కోతకు ముందురోజే కోసుకుని తిన్నారు.

బడి పంతులమ్మ అనసూయమ్మ ఒప్పుకోవడానికి చాలా వెనకాడింది. "నా నౌకరి మీద పెట్టుకొని తోల్కొస్తున్న నర్సింలూ. ఒక్క పిల్లకు ముల్లు గుచ్చుకున్నా వాళ్ల అవ్వలు నన్ను బతకనియ్యరు" అంది. పిల్లల్లో రాజలింగు బిడ్డ గంగామణి కూడా ఉంది. ఏ బడిలోనూ అంత శ్రద్ధగా విన్న పిల్లను నేను చూడలేదు. ప్రతి అడుగు అచ్చులోనూ వేలు పెట్టి చూసేది.

కోత రోజు పొద్దున్నే తోట చుట్టూ తిరిగి వచ్చాను. పిల్లి అడుగులు, కుందేలు పెంటికలు తప్ప ఏమీ కనబడలేదు. అయినా మనసు కుదుటపడలేదు. మళ్లీ తిరిగాను.

పిల్లలను కాలువకు ఎదురు వైపు గట్టు మీద కూర్చోబెట్టాను. వెనక చెరుకు బండ్లు ఉన్నాయి. "ఏ జంతువైనా మనలను సూసి భయపడుతది. మీరు ఉరకద్దు. కదలకుంట నిలవడితే దాని తొవ్వ అది పోతది" అని చెప్పాను. గంగామణి తల ఊపింది.

కత్తుల చప్పుడు దగ్గరపడుతూ వచ్చింది. తునక ఇల్లంత అయింది. అప్పుడు చెరుకు తలలు కదిలాయి. గాలి లేదు. పిల్లి నడిస్తే చెరుకు అలా కదలదు. ఒక మూల నుంచి ఇంకో మూలకు గడలు వరుసగా పక్కకు ఒరుగుతున్నాయి. ముందురోజు పక్క తోట కొట్టారు. నేను జాడలు చూసి వచ్చాక అక్కడి నుంచి అడవిపంది ఏదైనా ఇందులోకి దూరిందా?

పరుగెత్తితే పిల్లలు బెదురుతారని నడిచే అనసూయమ్మ దగ్గరికి పోయాను.

"టీచరమ్మా, పోరగాండ్లను బండ్ల మీదికెక్కియ్యి. జల్ది."

"ఏమైంది?"

"ఏం కాలె. ఎక్కియ్యి."

పిల్లలు లేవడం మొదలుపెట్టారు. కాలువ వైపు దారి ఉంది కదా, అటే పోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే కాలువ వైపు నుంచి కుందేలు అరిచింది. కుందేలు ఊరికే అరవదు, వలలో పడితేనే అరుస్తుంది. ఆ వెంట మనుషుల కేకలు, కట్టెల చప్పుడు. ఎవరూ నిలబడకూడదన్న చోట రాజలింగు వల కట్టించాడు.

అటు దారి మూసుకుపోయాక పంది ఇటు తిరిగింది.

పిల్లలంతా అరుచుకుంటూ బండ్ల వైపు పరుగెత్తారు. గట్టు మీద ఒక్క పిల్ల మిగిలింది. గంగామణి రెండు చేతులూ పక్కకు పెట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. "ఉరుకు బిడ్డా, ఉరుకు" అంటూ కట్టె పట్టుకుని పోయాను. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను చెప్పిన పాఠమూ, ఇప్పుడు అరుస్తున్న మాటా రెండూ నావే. ఏది వినాలో తేల్చుకునేలోపే పంది దాన్ని విసిరి, గట్టు దాటి పోయింది.

తొడ చీలిపోయింది. నా తువ్వాలు బిగించి కట్టాను. ఫ్యాక్టరీకి గడలు మోసే లారీ డ్రైవరు జహూర్ సగం లోడు అక్కడే దింపేసి, ఎవరి మాటా వినకుండా నిజామాబాదు పెద్ద దవాఖానకు తోలాడు. దారిలో రాజలింగు నా ముఖం చూడలేదు. వాడి చేతులకు ఇంకా వల పేలికలు చుట్టుకుని ఉన్నాయి. దవాఖాన వరండాలో ఇద్దరం చెరో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాం. డాక్టరు బయటికి వచ్చినప్పుడల్లా ఇద్దరం లేచాం. పాణం దక్కింది కాని మోకాలు మడత పడదని చెప్పారు.

తర్వాత పంచాయితీ పెట్టారు. పెద్దమనిషి హన్మాండ్లు పటేలు నన్ను ముందు నిలబెట్టాడు.

"వల పెట్టిందెవరో అడుగుండ్రి" అన్నాను.

ముఠావాళ్లందరినీ అడిగాడు. వల లేదన్నారు. రాజలింగు పని ఇస్తేనే వాళ్ల పొయ్యి వెలుగుతుంది మరి.

"వల సంగతి ఇడిసిపెట్టు నర్సింలూ" అన్నాడు పటేలు. గోడకు ఆనుకుని మంచం మీద కూర్చున్న గంగామణి వైపు తిరిగాడు. "అందరు ఉరికిండ్రు గద బిడ్డా, నువ్వెందుకు ఉరకలే?"

"పిల్లి సారు నిలవడుమన్నడు" అంది గంగామణి. నన్ను తప్పుపట్టినట్టు అనలేదు. పాఠం ఒప్పజెప్పినట్టు అంది. చెప్పి నా వైపు చూసి, సరిగ్గానే చెప్పానా అన్నట్టు ఆగింది.

అనసూయమ్మ తల వంచుకుంది. రాజలింగు పైకండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"గా కాలుతోని రేపు నాటెయ్యగలదా, చెరుకు కొట్టగలదా? దాని బతుకుకు ఆధారం సూపెట్టాలె" అన్నాడు పటేలు. "నీ దగ్గర పైసలుంటయా?"

"లెవ్వు."

"మరేమున్నది?"

ఏముందో అందరికీ తెలుసు, నాతో చెప్పించాలని అడిగాడు. చెరుకు భూమి ఇస్తానన్నాను, కాగితం గంగామణి పేరున రాయమన్నాను. పిల్ల మైనరు, తండ్రి రాజలింగు పేరునే ఉండాలన్నారు. నాకు పోయింది కాలువ కింద తరి భూమి, ఎకరం పన్నెండు గుంటలు.