లోపలి రెండంగుళాలు

మిషన్ తొక్కేటప్పుడు దేవకృప ప్రాణమంతా చేతుల్లోనే ఉంటుంది, చెవులకు మిగలదు. అందుకే కూతురు ఫెయిత్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి "అమ్మా, అర్జెంటుగా రివ్యూలు కావాలి" అంటే, ముప్ఫై ఏళ్ళుగా సీతాఫల్‌మండి ఆడవాళ్ళకు జాకెట్లు కుడుతున్న ఆ చెవులకు "రవికలు కావాలి" అని వినపడింది.

"ఎవరివే?"

"నీ పాత కస్టమర్లవి. ఎంత పాతవాళ్ళవైతే అంత మంచిది. తిరుమలగిరి నుంచి రజిత గారు రేపు పదింటికి వస్తామన్నారు. పెళ్ళి బ్లౌజులు, తొమ్మిది! మన వెబ్‌సైట్‌లో ఒక్కటీ లేకపోతే ఎలా నమ్మాలండీ అంటున్నారు."

"పాతవి చూసి నమ్ముతుందా?"

"అందరూ అవి చూసే నమ్ముతారమ్మా."

"కొన్ని అంత బాగుండకపోవచ్చునే."

"ఒకటో రెండో బాగోకపోతేనే నయం. అన్నీ బాగుంటే మనమే తయారుచేశాం అనుకుంటారు."

మనం కాక ఇంకెవరు తయారుచేశారే అని దేవకృప అడిగేలోపు లైను కట్టయింది.

వెబ్‌సైట్ పెట్టి నెలయింది. ఊదారంగు అక్షరాల్లో 'దేవకృప టైలరింగ్', కింద పాస్‌పోర్టు ఫొటోలా బిగుసుకుపోయిన దేవకృప. అంతకుమించి ఏమీ లేదు. పాత కస్టమర్లలో సగంమంది ఇళ్ళు మారారు, మిగతా సగం డ్రస్సులకు మారారు. మెయిన్‌రోడ్డు బొటిక్ వాళ్ళేమో సోమవారం నుంచి పనికి రమ్మంటున్నారు. అక్కడ ఒళ్ళు ఒకరు కుడతారట, మెడ ఇంకొకరట, ఈవిడ చేతులు మాత్రం కుట్టాలట. ముప్ఫై ఏళ్ళు మనుషుల్ని నిలువునా కొలిచిన మనిషి ఇక ఎవరి భుజాలకో తెలియని చేతులు కుట్టుకుంటూ కూర్చోవాలి! ఒక పెళ్ళికూతురు వస్తే ఆమె వెనకే పెళ్ళంతా వస్తుంది. రజిత రాకపోతే మాత్రం ఈ మిషన్‌కు ముసుగే. పాపం, కుట్టే తప్ప కుట్ర తెలియని మనిషి. చేతిలో దారం ఉంది, చూపించడానికి ఆధారం లేదు. ఇంట్లో ఫెయిత్ ఉంది, వెబ్‌సైట్‌లో ట్రస్ట్ లేదు.

సరే, అడిగింది కూతురు కదా. ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. "పుష్పమ్మ గారూ, నేను కుట్టిన పాత రవిక ఒకటి రేపు పట్టుకొస్తారా? మా అమ్మాయి కంప్యూటర్లో పెడుతుందట."

మర్నాడు శనివారం. పాల ప్యాకెట్ కోసం వెళ్ళిన ఫెయిత్ తిరిగొచ్చేసరికి ముందుగదిలో ఆరుగురు ఆడవాళ్ళు, పదకొండు జాకెట్లు. కుర్చీల వీపుల మీద, కిటికీ ఊచల మీద, ఫ్యాన్ రెగ్యులేటర్ మీద కూడా.

"అమ్మా, ఇదేంటి?"

"నువ్వు తెమ్మన్నవేగా."

ఫెయిత్ ఒక్క క్షణం ఆలోచించి, తల పట్టుకుని, నోరు తెరిచింది. అప్పుడే బెల్ మోగింది. రజిత.

వచ్చినమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇవన్నీ... అమ్మకానికాండీ?"

"అమ్మేటియి కావు బిడ్డా, మేం తొడుక్కున్నయి," అంది పుష్పమ్మ.

దేవకృప ఆ జాకెట్ల వంక చూసింది. వెలుగులో చూస్తే ఒక్కోటీ ఎంత వెలిసిపోయిందో! అద్దాల బొటిక్‌లో కొత్త పట్టు చూసొచ్చిన పిల్లకు తను పాతగుడ్డల సంత చూపిస్తోంది. సోమవారం, చేతులు, ఇక ఖాయం.

రజిత మర్యాదకు ఒక జాకెట్ తాకి వదిలేసింది. పుష్పమ్మ ఊరుకుంటుందా?

"బయటేం జూస్తవమ్మా, రంగు వోయింది, నా లెక్కనే. ఇగో, గిట్ల తిరగేసి జూడు."

లోపల, ఇప్పటి పక్క కుట్టుకు ఇవతల, వదులు చేయడానికి విప్పిన పాత కుట్ల సూది బెజ్జాలు మూడు వరుసలు.

"గీ వరుస మా మరిది పెండ్లినాటిది. గిది చిన్నోడు పుట్టినంక విప్పింది. గిది మోకాలి ఆపరేషనయి ఇంట్ల కూసొని తిన్నప్పటిది. ఇరవై ఏండ్లు! నేను పెరిగిన, జాకెట్ సుత పెరిగింది. ఇంక గుడ్డ ఎంతుందో జూడు, ఇంకో కాన్పుకు జాగ ఉంది!"

"ఊరుకోండి పుష్పమ్మ గారూ," అంది దేవకృప సిగ్గుపడి. ఎవరూ చూడని చోట రెండంగుళాల గుడ్డ అదనంగా వదలడం ఆవిడ అలవాటు. మనిషి ఇవాళ ఉన్నట్టు రేపుండదని వాళ్ళమ్మ నేర్పిన పాఠం.

"నాది మాత్రం బాగా కుట్టలేదు," అంది స్కూలు టీచర్ లీలాకుమారి.

ఫెయిత్ కళ్ళు మూసుకుంది.

"యాన్యువల్ డే నాడు వేసుకుంటే మెడ జారిపోయింది. ఫోన్ చేసి నాలుగు తిట్టాను. పావుగంటలో ఆటోలో దిగింది, సూదీదారం పట్టుకుని! స్టాఫ్‌రూమ్‌లో నా ఒంటిమీదే కుట్టింది. ఇదుగో, ఈ భుజం మీద వంకర కుట్టు. తరవాత సరిచేసిస్తానంది. నేనే ఇవ్వలేదు. అదలాగే ఉండాలి."

రజిత ఆ వంకర కుట్టును వేలితో తడిమి చూసింది. తరవాత పుష్పమ్మ జాకెట్ తీసుకుని మళ్ళీ తిరగేసింది.

"మా అక్క పెళ్ళి బ్లౌజులన్నీ బీరువాలోనే ఉన్నాయండి. బాబు పుట్టాక ఒక్కటీ పట్టలేదు. విప్పి చూస్తే లోపల గుడ్డే లేదు, అంచుదాకా కోసేశారు." స్టూలు పక్కకు జరిపి నిలబడింది. "కొలతలు తీసుకోండి ఆంటీ. నాకూ ఇంత జాగా వదలండి."

దేవకృప టేపు అందుకునే లోపు ఫోన్ మోగింది. బొటిక్ వాళ్ళు. సోమవారం వస్తున్నారా అని.

"లేదండీ," అంది దేవకృప. "నా చేతులు ఖాళీ లేవు."

ఇల్లంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వు తగ్గేదాకా ఆగి, ఫెయిత్ అటూ ఇటూ తిరుగుతూ తిరగేసిన జాకెట్లన్నిటికీ ఫొటోలు తీసుకుంది. తరవాత గది మధ్యలో నిలబడింది.

"అందరికీ ఒక మాట చెప్పాలి. నేను నిన్న అమ్మనడిగింది రవికలు కాదు. రివ్యూలు!"

జాకెట్ల కోసం పొద్దున్నే పెట్టెలు తిరగేసిన ఆరుగురు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"రివ్యూలంటే ఏందే?" అంది పుష్పమ్మ.

"కుట్టించుకున్నవాళ్ళు ఎలా ఉందో వాళ్ళ నోటితో చెప్పడం ఆంటీ. అది చూసి కొత్తవాళ్ళు నమ్ముతారు."

"గదే గదా ఇందాకట్నించి చెప్పింది!"

రజిత నడుం చుట్టూ టేపు బిగిస్తూ, తలెత్తకుండానే అంది దేవకృప: "నువ్వడిగినవే తెప్పించానే తల్లీ. కాకపోతే చేతులతో సహా తెప్పించాను."