గోడవతలి సొరతీగ

సొరకాయ తరిగేముందు చివర ఒక ముక్క కోసి చేదో కాదో నోట్లో వేసుకుని చూడటం ఆ ఇంట్లో కోడలి పని. గిన్నెలు తోమడం లాంటిదే అదీను, కాకపోతే దాన్ని ఎవరూ పని అనరు.

అత్తగారు ఎప్పుడో పెరట్లో పెట్టిన తీగ అది. ముదిరి ఎండిన కాయల్ని గోడ అవతలికి విసిరేస్తే, మూతపడ్డ గోదాము వెనక చెత్తదిబ్బల్లో తనంతట తాను మొలిచి, ఏటేటా పాకి, రేకుల కప్పును కూడా మింగేసింది. నీళ్లు పోసిన నాథుడు లేడు, పందిరి వేసిన దిక్కు లేదు, కాపు మాత్రం విరగకాపు. అడవి బుద్ధి పట్టిందో ఏమో, ఒక కాయ కమ్మగా ఉంటే పక్కకాయ కటిక చేదు. పైకి అన్నీ నవనవలాడుతూనే ఉంటాయి.

"మన తీగే కదా, వదిలేస్తామా?" అంటూ భర్త ఆదివారం పూట గోడెక్కి కోసుకొస్తాడు.

పోయిన వర్షాకాలం కోడలు తను పనిచేసే కుట్టుమిషన్ల షెడ్డుకు ఆలస్యమవుతోందన్న కంగారులో ముక్క నమిలి మింగేసింది. మింగాక తెలిసింది చేదు. షెడ్డులో సగం కుట్టిన చొక్కా మీదే నెత్తురు కక్కుకుంది. సూపర్‌వైజరమ్మ ముందు చొక్కా సంగతి చూసింది. ఆసుపత్రిలో డాక్టరు భర్తను పక్కకు పిలిచి మరీ చెప్పాడు: "చేదు సొరకాయ విషమండీ. మళ్లీ కడుపులోకి వెళితే ప్రాణం మీదికొస్తుంది." ఆయన బుద్ధిగా తలాడించాడు. ఇంటికొచ్చాక అత్తగారు, "మేం చూడలేదా మా రోజుల్లో? నాలిక కొసన పెట్టి ఉమ్మేయడం కూడా నేర్పాలా?" అంది. కడుపులో మంట తగ్గినా ఆ మాట మంట తగ్గలేదు. తర్వాతి ఆదివారం ఆయన మళ్లీ కాయలు తెచ్చాడు. మగవాడు, మర్చిపోయుంటాడులే అని ఆమె సరిపెట్టుకుంది. అప్పట్నుంచి ప్రతిసారీ భయపడుతూనే రుచి చూస్తోంది.

ఈ ఆదివారం కూడా తెచ్చి వంటగది గట్టు మీద పెట్టాడు.

"ఎంత లేతగా ఉన్నాయో చూడు."

ఆమె చివర కోసి, ముక్కను పెదవుల దాకా తీసుకెళ్లింది. నోరు తెరుచుకోలేదు. ఎందుకనిపించిందో, ముక్కను ఆయన ముందుకు చాపింది.

"ఈసారి మీరు చూడండి."

ఆయన నవ్వేశాడు. ఆమె నవ్వలేదు.

"నాలిక మీద పెట్టి ఉమ్మేయండి, చాలు."

ఆయన గుమ్మం దాకా వెనక్కి జరిగాడు.

"పిచ్చా నీకు? ఆ డాక్టరు ఏం చెప్పాడు? నాకేమన్నా అయితే?"

ఆయనకు అంతా గుర్తుంది. మర్చిపోయాడని ఇన్నాళ్లూ ఆయన తరఫున వకాల్తా పుచ్చుకున్నది ఆమే.