కంట్లో నలుసు
ప్రార్థన మాట ఈ ఇంట్లో వినపడకూడదని కొత్తకోడలికి అత్తగారు మొదటిరోజే తేల్చి చెప్పింది. అసలు పైన వినేవాడున్నాడా అని కోడలికే ఈమధ్య అనుమానం. అయినా పాడు అలవాటు, కంచం ముందు కళ్లు మూతపడ్డాయి.

"ఏంటది?" అంది అత్తగారు.

"కంట్లో నలుసు పడిందత్తయ్యా."

గడియారాలు బాగుచేసే మామగారు తినడం ఆపి, చెయ్యి కడుక్కొచ్చి, పనిలో వాడే భూతద్దం కంటికి బిగించి, ఆమె రెప్పెత్తి చాలాసేపు వెతికాడు. వెంట్రుకంత తీగనైనా పట్టే కన్ను అది.

"పోయిందిలేమ్మా," అన్నాడు.

యేసయ్యను నలుసు చేసేసినందుకు ఆమెకు తల తీసేసినట్టయింది.

మర్నాడు కళ్లు మూయకుండానే ముద్ద కలిపింది. మామగారు చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"ఆగండి. అమ్మాయి కంట్లో నలుసు పడనివ్వండి."