కెమెరా మీద ప్లాస్టర్

అయినా మనిషి తను పెద్దవాడయ్యానని ఎప్పుడు తెలుసుకుంటాడు? నాన్న పోయిన రోజునా, మొదటి పడవ కొన్న రోజునా? కాఫీ చల్లారిపోయినా ఓడెల్ లాడ్నర్ అదే ఆలోచిస్తున్నాడు. డెబ్బై మూడేళ్ళొచ్చినా తేలని సంగతి ఇది. ఇప్పుడు మిసిసిపీ రాష్ట్ర ప్రభుత్వం రుజువు చూపించమంటోంది.

పిల్లల కోసమని తెచ్చిన చట్టం. నలుగురు చేరి మాట్లాడుకునే సైటులోకి వెళ్ళాలంటే ఎవరైనా సరే వయసు నిరూపించుకోవాలి. విసురువలలు అల్లేవాళ్ళ సైటుకూ తప్పలేదు. పన్నెండేళ్ళుగా ఓడెల్ రోజూ పొద్దున్నే వెళ్ళి కూర్చునే చోటు అదొక్కటే. ఈ మధ్యాహ్నం దాటితే అతని ఖాతా మూసేస్తారు.

"లైసెన్సు చూపించరాదూ?" అంది అక్క అర్లీన్, మొక్కజొన్న రొట్టె పట్టుకుని లోపలికొస్తూ.

"గడువైపోయిందక్కా. కారు మానేశాక మళ్ళీ తీసుకోలేదుగా."

"అయితే ముఖం చూపించు. కెమెరానే వయసు లెక్కకట్టేస్తుందట."

ఓడెల్ చల్లారిన కాఫీ కప్పును పక్కకి జరిపాడు.

"ఏరా, పసివాడనుకుంటుందని భయమా? పక్కన నేను నిలబడతాలే, మా బాబుకి నేనే పూచీ అని!"

"నువ్వు నిలబడితే ఇద్దర్నీ మ్యూజియంలో పెట్టిస్తుంది."

ఆమె పకపకా నవ్వి, రొట్టె బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. అసలు సంగతి ఆమెకూ తెలుసు.

వల విసిరేవాడు సీసపు గుళ్ళున్న అంచును పళ్ళతో పట్టుకుని, చెయ్యి తిరిగే క్షణంలో వదలాలి. రెండేళ్ళ కిందట పక్షవాతం ఓడెల్ నోటిని ఒక పక్కకి లాగేసింది. ఆ నోట్లో ఇక అంచు నిలవదు. అప్పటినుంచి అల్లడమే తప్ప విసరడం లేదు. గడ్డం కూడా అద్దం చూడకుండా తడుముకుంటూనే గీసుకుంటున్నాడు. ల్యాప్‌టాప్ కెమెరా మీద ప్లాస్టర్ ముక్క అంటించింది కూడా అప్పుడే. సైటులోవాళ్ళకు ఇవేవీ తెలియవు. ఎన్ని వరసలకోసారి అల్లికలో ఒక కన్ను పెంచితే వల గుండ్రంగా విచ్చుకుంటుందని నిన్న ఒకాయన అడిగాడు. ఆయనకింకా జవాబు రాయలేదు.

చిత్రంగా, ఓడెల్‌కి చట్టం మీద కోపం రాలేదు. మనుషులైతే అతని ముఖం చూసి చటుక్కున చూపు తిప్పుకుంటారు. యంత్రానికి ఆ మర్యాద తెలియదు. ముడతలు చూసుకుంటుంది, చాలనుకుంటుంది. ఆ తలపు అతనికి హాయిగా తోచింది. రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది. వంకర నోటితోనే నెమ్మదిగా, పొడి కూడా మిగల్చకుండా తిన్నాడు.

ఎనిమిదేళ్ళప్పుడు మొదటిసారి వల విసిరి, అంచు వదలడం మరిచిపోయాడు. వలతోబాటు పాలపన్నొకటి నీళ్ళలోకి ఎగిరిపోయింది. నెత్తురు నోటితో ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడితే, నాన్న పడీపడీ నవ్వి, "అయిపోయింది, ఇక నువ్వు పెద్దోడివిరా" అన్నాడు.

ఓడెల్ వేళ్ళు తుడుచుకుని, ప్లాస్టర్ అంచును గోటితో లేపి, ఊడబెరికాడు.