నేను రాసింది సరైన కొలతే

మా కుట్టు షాపులో టేపుకి మొదటి అంగుళం తెగిపోయింది. కొత్తది తెచ్చుకునేదాకా దానితోనే పని నడిపాం. అది ఒకటి దగ్గర మొదలయ్యేది కాబట్టి ఏది కొలిచినా అంగుళం ఎక్కువ చూపించేది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. కొలిచే నేను టేపు మీద కనిపించిందే పుస్తకంలో రాయాలి, కత్తిరించే చెల్లెలు అందులోంచి ఒకటి తీసేయాలి.

ఆ రోజుల్లోనే చర్చి గాయక బృందానికి పద్దెనిమిది గౌన్లు కుట్టాం. ఒక్క కాలరుకీ గుండీ పడలేదు. ఆదివారం ఆరాధనలో అందరూ మెడలు తెరుచుకుని నిలబడి పాడారు. "కత్తెర పట్టేటప్పుడు బుర్ర ఇంట్లో పెట్టి వస్తావా?" అని అందరి ముందూ చెల్లెల్ని కడిగేశాను. మర్నాటి నుంచి అది షాపుకి రాలేదు. ఆరేళ్లయింది. చర్చిలో అది ఎడమ పక్క కూర్చుంటే నేను కుడి పక్క.

అసలు సంగతి నాకు నాలుగేళ్ల క్రితమే తెలిసింది. పాత కొలతల పుస్తకం తిరగేస్తుంటే కనిపించింది. ఆ రోజు తొందరలో ఆ ఒకటి నేనే తీసేసి రాశాను. పద్నాలుగంగుళాల మెడకి పదిహేను రాయాల్సింది, పద్నాలుగు రాశాను. చెల్లెలు పద్ధతి ప్రకారం ఇంకొకటి తీసేసి పదమూడుకి కత్తిరించింది. పుస్తకం మూసి బీరువా అడుగున పెట్టేశాను. పద్నాలుగు మెడకి పద్నాలుగని రాయడం తప్పెలా అవుతుంది? నేను రాసింది సరైన కొలతే. ఈ మాట రోజూ ప్రార్థనలో ప్రభువుకి కూడా చెప్పేదాన్ని, ఆయనకి కూడికలు తీసివేతలు రావన్నట్టు.

మొన్న ఆదివారం పాస్టరుగారు స్వనీతి గురించి చెప్పారు. మన మంచితనాన్ని మనమే నిండా కప్పుకుని వస్తే ఇక కృప ఎక్కడ తగులుతుందని అడిగారు. చెల్లెలు సరిగ్గా వింటోందో లేదోనని నేను తల తిప్పి చూశాను.

ఈరోజు పొద్దున్న మిషను ముందు కూర్చుని ఉండగా కోడలు వచ్చింది.

"అత్తయ్యా, చిన్నత్తయ్య పది గంటల బస్సుకి వెళ్లిపోతున్నారు. ఇక కూతురి దగ్గరే ఉంటారట. సామానంతా పంపేశారు."

"వెళ్లనీ. నాకెందుకు చెబుతున్నావ్?"

"మరి ఎవరికి చెప్పాలి? ఈ మిషనుకా?"

దారం మూడుసార్లు తెగింది. మా ఆయన ఆసుపత్రికి బయల్దేరినప్పుడు చెప్పులు అడ్డంగా విడిచాడని విసుక్కున్నాను. ఆ మనిషి తిరిగి రాలేదు. ఆ విసుగు నా దగ్గరే ఉండిపోయింది. అప్పట్నుంచి ఎవరు గుమ్మం దాటినా నాకు గుండె దడే.

"ప్రభువా, దానికి మంచి బుద్ధి ఇవ్వు" అని మొదలుపెట్టాను. సాగలేదు. "నేను రాసింది సరైన..." అన్నాను. అదీ సాగలేదు. ఆ సరైన కొలత పట్టుకుని ఇన్నేళ్లుగా ఏం ఒరగబెట్టాను? ఆయన ముందుకి కూడా నా తప్పేం లేదనే వెళ్తున్నాను, ఆయనతో పనే లేనట్టు. ఒళ్లు మండింది, నా మీద నాకే. గుడ్డ మిషను మీదే వదిలేసి లేచాను.

బస్టాండుకి చేరేసరికి చెల్లెలు కిటికీ పక్క సీట్లో కూర్చుని ఉంది. ఎక్కి దాని పక్కన నిలబడ్డాను.

"చిన్నదానా, కాలర్ల తప్పు నాదే. ఒకటి నేనే తీసేసి రాశాను." 'కానీ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ల మధ్య నొక్కేశాను. "నాలుగేళ్ల నుంచి తెలుసు. దాచాను. నన్ను క్షమించు."

అది నన్ను ఎగాదిగా చూసింది.

"నాకు ఆరోజే తెలుసక్కా. నా కత్తెర ఎప్పుడైనా తప్పిందా? నువ్వే వచ్చి చెబుతావని చూశాను."

"మరి నువ్వైనా అడగొచ్చుగా?"

"ఇదిగో, మళ్లీ మొదలెట్టావ్."

వెనక నుంచి కండక్టరు అరిచాడు. "పెద్దమ్మా, వస్తున్నారా, దిగుతున్నారా? ఏదో ఒకటి తేల్చండి!"

"క్షమించానని ఒక్క మాట అనవే."

"నా వల్ల ఈరోజు కాదు. దిగు, పడతావ్." మోచెయ్యి పట్టుకుని మెట్టుదాకా తీసుకొచ్చి మరీ దింపింది.

బస్సు కదిలింది. చెల్లెలు చెయ్యి ఊపలేదు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఈ మోకాళ్లతో పడుతూ లేస్తూ వచ్చి, బస్సు నిండా జనం ముందు తల వంచితే ఇదా? సరే, నేనైతే నా పని చేశాను. ఇక తప్పు దానిదే.

ఆ మాట నా లోపల ఎంత హాయిగా సర్దుకుందో చూసి నాకే భయమేసింది. తప్పు ఒప్పుకుని రెండు నిమిషాలు కాలేదు, ఒప్పుకున్నానన్నదే నాకో గొప్పైపోయింది! అక్కడున్న బల్ల మీద కూలబడ్డాను. ఈ గొప్పని వదిలించుకోవడం నా చేత కాదు.

"ప్రభువా" అన్నాను పైకే. "నా అంతట నేను మంచిదాన్ని కాలేను. దాని మనసూ నా చేతిలో లేదు. నీ కృప తప్ప నాకింకేం లేదు. నన్ను నువ్వే చూసుకోవాలి."

బల్ల మీదున్నావిడ సంచీ ఒళ్లోకి తీసుకుని కొంచెం చోటిచ్చింది.

"ఎవరితోనమ్మా మాట్లాడుతున్నారు?"

"అడుక్కుంటున్నానమ్మా" అన్నాను.